ఔట్ ఎక్కడ, ఇన్ ఎక్కడ

టీవీ వెనక చెయ్యి పెట్టేముందు నేను అడిగేది ఒకటే: బొమ్మ ఎక్కణ్నుంచి రావాలి? చాలామంది ఆ సంగతి వదిలేసి సోర్స్ బటన్‌ని అరిగిపోయేలా నొక్కుతారు. బాక్సు మీద ఔట్ అని ఉన్నచోటు నుంచి టీవీ మీద ఇన్ అని ఉన్నచోటికి వైరు వెళ్ళాలి. ఈ విద్యలో ముప్పాతిక వంతు అంతే.

అల్ కుసైస్‌లో ఈ పనికి కరువు లేదు. షార్జా సరిహద్దు పక్కనే, దుబాయ్‌లో చాలాచోట్ల కంటే అద్దె కాస్త తక్కువ. 2011లో గ్రీన్‌లైన్ మెట్రో కూడా వచ్చింది. నలుగురైదుగురు పంచుకునే గదిలో టీవీ ఒక్కటే ఉంటుంది. ఒకరి ల్యాప్‌టాప్, ఇంకొకరు ఊరినుంచి తెచ్చుకున్న ప్లేయరు, అన్నీ దాని వెనక్కే చేరాలి. ఊరి ప్లగ్గుకి గుండ్రటి పిన్నులు, ఇక్కడి గోడకి పలక కన్నాలు. అడాప్టర్ దొరికేదాకా ఏ కళాపోషణా సాగదు.

గల్ఫ్ నుంచి సెలవుకొచ్చేవాళ్ళు వీసీఆర్ మోసుకొచ్చిన రోజుల్లో ఈ పని వేరేగా ఉండేది. యాంటెన్నా వైరు వీసీఆర్‌లోంచి టీవీకి వచ్చేది. యూహెచ్‌ఎఫ్‌లో 36వ ఛానల్ చుట్టుపక్కల వెతికితే చుక్కల్లోంచి బొమ్మ తేలేది. దుబాయ్ అంగళ్ళలో మల్టీసిస్టమ్ వీసీఆర్లకి గిరాకీ ఊరికే రాలేదు. మన టీవీ పద్ధతి పాల్, ఫిలిప్పీన్స్ వాళ్ళది ఎన్‌టీఎస్‌సీ. ఒకే బిల్డింగ్‌లో రెండు రకాల క్యాసెట్లూ తిరిగేవి.

తర్వాత మూడు రంగుల పిన్నులొచ్చాయి. నా ఓటు ఇప్పటికీ వాటికే. పసుపు బొమ్మకి, తెలుపూ ఎరుపూ శబ్దానికి. శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే పసుపు వైరు చూడాలి. బొమ్మ తెలుపు-నలుపులో వస్తే, పసుపు పిన్ను ఆకుపచ్చ కన్నంలో ఉండి, టీవీ కాంపొనెంట్ ఇన్‌పుట్‌లో ఉందేమో చూడాలి. ఏ జబ్బుకి ఆ లక్షణం కనిపించేది.

2002 డిసెంబరులో మొదటి ప్రమాణం వెలువడ్డ హెచ్‌డీఎంఐతో గుచ్చడం తేలికైంది, రోగం కనిపెట్టడం కష్టమైంది. 19 పిన్నులు ఒకే మూతిలో. బొమ్మా శబ్దమూ సరే, దొంగకాపీ జరగకుండా బాక్సూ టీవీ లోపల్లోపల హెచ్‌డీసీపీ మాటలు కూడా ఆడుకుంటాయి. మధ్యలో పాత స్ప్లిటర్ ఒకటి ఉందా, సినిమా మొదలవగానే తెర నల్లబడొచ్చు. వైరు బాగానే ఉంటుంది. కాబట్టి మధ్యవన్నీ పీకేసి బాక్సుని నేరుగా టీవీకి పెట్టి చూడాలి, ఆ తర్వాత ఒక్కొక్కటే కలపాలి. రెండు వైర్లు ఒకేసారి మార్చేవాళ్ళకి బొమ్మ వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు.

పక్క ఫ్లాట్‌లో జగిత్యాల అన్న ఒకాయన పెళ్ళి క్యాసెట్టూ పాత వీసీఆరూ దాచుకున్నాడు. కొత్త టీవీకి రంగుల కన్నాలే లేవు. మధ్యకి చిన్న కన్వర్టర్ డబ్బీ కొనుక్కొచ్చి పిలిచాడు. “తమ్మీ, కొత్తదే గదా, గిదెందుకు పనిజేస్తలేదు?”

డబ్బీ తిప్పి చూస్తే ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అని ఉంది. మనకు కావలసింది ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అంగట్లో పక్కపక్కనే వేలాడతాయి. ఒకటి చేసే పని రెండోది చేయదు. “ఇది ఉల్టాదన్నా, మార్చుకురండి,” అన్నాను. మార్చి తెచ్చాక దాని యూఎస్‌బీ వైరుని టీవీ కన్నంలోనే గుచ్చాం. ఆ 5 వోల్టుల కరెంటు ఇవ్వడం మర్చిపోయి డబ్బీని తిట్టేవాళ్ళూ ఉన్నారు.

బొమ్మ వచ్చింది. పెళ్ళికొడుకు మాత్రం అడ్డంగా ఉబ్బి ఉన్నాడు. పాత బొమ్మ 4:3, తెర 16:9. పిక్చర్ సైజు మార్చగానే మనిషి సన్నబడ్డాడు, అటూ ఇటూ నల్లపట్టీలు పడ్డాయి. “ఇంత పెద్ద టీవీ కొన్నది గిందుకేనా?” అని గదిలో ఒకడు మళ్ళీ సాగదీయమన్నాడు. అన్న రిమోట్ ఇవ్వలేదు.