కోసిన తుపాకీకి వెల కట్టడం

లీడ్స్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఈ వారం రెండు తుపాకుల ఫొటోలు పంపాడు. అక్కడ ఏదో వేలానికి వచ్చాయట. రెండూ మనం త్రీ నాట్ త్రీ అనే లీ ఎన్‌ఫీల్డ్‌లే. రెండూ కోసినవే. అంటే లోపలి పని కనబడేలా పక్కల ఇనుము తీసేసి, పాఠం చెప్పడానికి తయారుచేసిన రకం. బ్రిటిష్ సైన్యం వీటిని స్కెలిటన్ రైఫిళ్లనేది. "ఏది తీసుకోమంటావు మామయ్యా?" అని అడిగాడు. మొదటిదాని కింద అమ్మేవాళ్లు రాసింది చదివితే ఒళ్లు మండింది. బోల్టు మీదా బాడీ మీదా బ్యారెల్ మీదా నంబర్లు కలిశాయట, అందుకని రెండోదానికి రెట్టింపు ధరట!

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలిసిందే. గ్రామఫోన్లయినా గోడగడియారాలయినా, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే కాగితం లేకపోతే కొనొద్దని ఎన్నోసార్లు రాశాను. నంబర్లు కలిసిన పాత తుపాకీకి విలువ ఎక్కువే, కాదనను. లీ ఎన్‌ఫీల్డ్ బోల్టును ఏ తుపాకీకి సరిపెడితే ఆ తుపాకీ నంబరే దాని మీద కొట్టేవాళ్లు. కానీ పాఠాల తుపాకీ సంగతి వేరు. పనిచేసే తుపాకీని సైన్యం ఊరికే కోసుకోదు. బ్యారెల్ అరిగిపోయి, కాల్పులకు పనికిరాదని పక్కన పెట్టినవే సాధారణంగా తుపాకులు బాగుచేసే ఆర్మరర్ బల్ల మీదకి చేరతాయి. ఒకదాని బోల్టు, ఇంకొకదాని మ్యాగజైన్ కలిపినా అక్కడ అడిగేవారుండరు. అందుకే కోసినదాంట్లో నంబర్లన్నీ కలిశాయంటే నాకు ముందు అనుమానం వస్తుంది. నిక్షేపంలాంటి తుపాకీని ఎవరో ఈమధ్యే డబ్బు కోసం కోశారేమోనని. నిజంగా అదే జరిగితే ఆ మనిషిని నేను క్షమించలేను.

ఎన్‌సీసీ చేసినవాళ్లకు ఖోల్నా జోడ్నా పీరియడ్, అంటే తుపాకీని విప్పి మళ్లీ బిగించే పాఠం, గుర్తుండే ఉంటుంది. మా క్యాంపులో ఉస్తాద్ దగ్గర ఇలాంటిదే ఒకటి ఉండేది. బల్ల మీద పడుకోబెట్టి బోల్టును నెమ్మదిగా ముందుకు తోసేవారు. మ్యాగజైన్‌కి ఒక పక్క రేకు లేదు. స్ప్రింగు డమ్మీ తూటాను పైకి నెట్టడం, బోల్టు తల వెనకనుంచి దాని అంచును పట్టి ఛాంబర్‌లోకి తోయడం కళ్లెదుటే జరిగేది. చివర్లో బోల్టు బరువెక్కేది. ఎందుకో చూపించడానికి ఉస్తాద్ చెయ్యి అక్కడే ఆపేవారు. కాకింగ్ పీస్, అంటే తూటాను కొట్టే స్ట్రైకర్ వెనక తల, వచ్చి సియర్ అనే కొక్కేనికి తగులుకుని నిలబడిపోతుంది. బోల్టు మాత్రం ముందుకు పోతూ స్ట్రైకర్ స్ప్రింగును అణుస్తుంది. ట్రిగ్గర్ పైభాగాన రెండు గుబ్బలుంటాయి. మొదటి గుబ్బ సియర్‌ను తేలిగ్గా కొంతదూరం లాగుతుంది, తర్వాత రెండోది అందుకుంటుంది, అక్కడ వేలికి బరువు తెలుస్తుంది. "మొదటి లాగుడు దగ్గర ఊపిరి బిగపట్టు" అని రోజూ అరిచేవారే, ఆ అరుపుకి అర్థం ఆ పూట తెలిసింది. చీల్చిన బ్యారెల్‌లో ఐదు గాడులు ఎడమకు తిరుగుతూ పోయేవి. వేలు పెట్టి చూడనివాడు లేడు. కోత అంచులకు వేసిన ఎర్రరంగు మ్యాగజైన్ దగ్గరా ట్రిగ్గర్ దగ్గరా పూర్తిగా పోయి, ఇనుము తళతళలాడేది. మిగతాచోట్ల రంగు అలాగే ఉంది.

అది కోసిన ఆర్మరర్ పాఠం తెలిసినవాడు. ఇనుము తీసేయాల్సిన చోట తీసి, సియర్ పిన్ను నిలవాల్సిన చోట వదిలేశాడు. ఇంత కోసినా యంత్రం మొత్తం ఆడుతుంది. పిల్లల చేతులు తెగకుండా ప్రతి అంచూ ఆకురాయితో నున్నగా రాశాడు.

ఆ కళ్లతో మా వాడి ఫొటోలు మళ్లీ చూశాను. మొదటిదానికి బ్యారెల్ నడుమ పెద్ద కిటికీ ఉంది. చూడముచ్చటగానే ఉంది, కానీ అక్కడ చెప్పడానికి గాడులు తప్ప ఇంకేమీ లేవు. ట్రిగ్గర్ జోలికే పోలేదు. గ్రైండర్ గీతలు ఫొటోలోనే కనబడుతున్నాయి. రెండోదాని బాడీ మీద కిరీటం, ఎన్‌ఫీల్డ్ పేరు, 1917 ఉన్నాయి. బోల్టు నంబరు వేరే. ఏ బడిలో వాడారో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు. కోత మాత్రం మ్యాగజైన్ నుంచి సియర్ దాకా పాఠం నడిచిన వరసలోనే నడిచింది. రంగు పోయింది కూడా వేళ్లు ఆనే చోటే. అరుగుదలను దొంగతనంగా తెప్పించొచ్చని నాకూ తెలుసు. పాఠం తెలియకుండా ఆ కోత కోయడం మాత్రం ఎవరి వల్లా కాదు.

రెండోది పాడమన్నాను. కాగితం లేదు కదా మామయ్యా అన్నాడు. ఈ ఒక్కదానికీ ఆ కాగితం అడగను అన్నాను. ఇన్నాళ్లూ రాసినదానికి ఇది అడ్డం వస్తుందని తెలిసే చెప్పాను. తుపాకీ ఇక పేలదని చెప్పే డీయాక్టివేషన్ సర్టిఫికెట్ వేరు. కోసినంత మాత్రాన చట్టం దృష్టిలో తుపాకీ తుపాకీ కాకుండా పోదు కాబట్టి ఆ పత్రం ఉందో లేదో ముందే కనుక్కోమన్నాను. ఇక ధర సంగతి. కోసిన బోల్టు, కోసిన మ్యాగజైన్ పోతే మళ్లీ దొరకవు. మామూలు బోల్టు తెచ్చి దూర్చి ఉంటే సగం పాఠం పోయినట్టే, ధర కూడా ఆ మేరకు తగ్గాలి. అందుకని వేలానికి ముందురోజు చూడనిస్తారు కదా, వెళ్లి బోల్టు బయటికి తీసి, పక్కన కోత ఉందా, స్ట్రైకర్ స్ప్రింగు కనబడుతోందా చూసుకున్నాకే పాడమన్నాను.