కాటర్ పిన్ను, నలుపలక ఇరుసు

తాండూరు వైపు బండల గనులకూ కంది చేలకూ మనుషుల్ని మోసిన నల్ల సైకిల్ మనకు కొత్త కాదు. అట్లాస్, హీరో, హెర్క్యులెస్ ఏదైనా సరే, పెడల్ క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది కాటర్ పిన్నే. దాని మందం సుమారు 9.5 మిల్లీమీటర్లు. ఒక వైపు పలకగా చెక్కి ఉంటుంది, చివర మరలు ఉంటాయి.

ఆదివారం పొద్దున్నే చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ చేరి అనంతగిరి ఎక్కే గేర్ సైకిళ్లలో చాలావాటికి ఈ పిన్నే ఉండదు. ఇరుసు కొన నాలుగు పలకలుగా, చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. అల్యూమినియం క్రాంకు నేరుగా దానిమీద కూర్చుంటుంది. ఫ్రాన్సు కంపెనీ స్ట్రాంగ్‌లైట్ 1933లోనే ఇలాంటి క్రాంకు తెచ్చింది.

చూపుకు దూరపు చుట్టాల్లా ఉన్నా రెండూ ఒక తల్లి బిడ్డలే. గొడ్డలి కామకు చీల దిగేసినట్టు, రెండింటి పట్టూ ఏటవాలు బిగువులోనే ఉంది. అయితే ఒకదానిలో ఆ చీల విడి వస్తువు, రెండోదానిలో ఇరుసు కొనే చీల. ఇంట్లో క్రాంకు మార్చే పని మొత్తం ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

పాత సైకిల్‌కు సుత్తె కావాలి. నట్టును పిన్ను కొనదాకా వదులు చేసి, క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టం ఆనించి కొట్టాలి. ఆ ఆనిక లేకపోతే దెబ్బ ఇరుసు బాల్స్‌కు తగులుతుంది. ఇంట్లో నేల తాండూరు నాపరాయి అయితే గొట్టం కింద చెక్క పెట్టండి, లేకపోతే బండ పగులుతుంది. భయంభయంగా పది దెబ్బలు వేసేకంటే సూటిగా ఒక్కటి వేయడం మేలు. పిన్ను వంగినా దిగులు లేదు, పోవడానికే అది ఉన్నది. గేర్ సైకిల్‌కు సుత్తె తగలకూడదు. బోల్టూ దాని వాషరూ తీశాక, క్రాంకు పుల్లర్‌ను 22 మిల్లీమీటర్ల మరల్లోకి చివరిదాకా చేత్తోనే ఎక్కించి, తర్వాతే పానతో తిప్పాలి. సగమే ఎక్కించి తిప్పితే మెత్తటి అల్యూమినియం మరలు ఊడిపోతాయి, క్రాంకు అక్కడే ఇరుక్కుంటుంది.

బిగింపులోనూ ఇంతే తేడా. కాటర్ పిన్నును సుత్తెతో దిగ్గొట్టాలి. నట్టు దాన్ని లాగదు, జారకుండా కాస్తుంది. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల నుంచి దిగకపోతే క్రాంకులు ఒక వరుసలో రావు. నలుపలక ఇరుసుకు మాత్రం బోల్టే క్రాంకును లోపలికి నెడుతుంది, దానికి 35–40 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. అలాగే రెండింటినీ మొదటి సవారీ కాగానే ఒకసారి చూసుకోవాలి.

నాకు రెండూ ఇష్టమే. పాతది విప్పేటప్పుడు మొండిది, తొక్కేటప్పుడు ఓపిక గలది. వదులైతే టక్ టక్ మంటుంది, కొత్త పిన్నుతో కుదుటపడుతుంది. కొత్తది విప్పడానికి సులువే గాని నిర్లక్ష్యాన్ని ఓర్చదు. అనంతగిరి ఎత్తులో నిలబడి తొక్కితే, వదులు క్రాంకు ఉక్కు ఇరుసు మీద తన రంధ్రాన్ని తానే అరగదీసుకుంటుంది. ఆపైన ఏ బోల్టూ దాన్ని పట్టదు, క్రాంకే మార్చాలి.

అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. కాటర్ పిన్నులు మాత్రం ఇప్పటికీ చిన్న పట్నాల సైకిల్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. పాత సైకిల్ ఉన్నవాళ్లు తీసిన పిన్నును మళ్లీ వాడకండి. గేర్ సైకిల్ ఉన్నవాళ్లు పుల్లర్ చేతికొచ్చాకే బోల్టు మీద పాన పెట్టండి.