శేషాచలం సైకస్: జాబితాకు అందని నష్టం

వివృతబీజ వృక్షాల సంరక్షణను గూర్చిన చర్చ అధికంగా దేవదారు, పైన్ వంటి కోనిఫర్ల చుట్టూ సాగుతుంది. ఉష్ణమండల అడవుల్లోని సైకస్‌లు కూడా వివృతబీజాలే అయినా వాటికి అందులో దక్కే చోటు స్వల్పం. తిరుపతి, కడప కొండలకు పరిమితమైన సైకస్ బెడ్డోమీ ఇందుకు ఉదాహరణ. 1883లో థిసెల్టన్ డయర్ వర్ణించిన ఈ జాతిని స్థానికంగా పేరీత అంటారు.

సైటిస్ ఒప్పందం దీనిని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది. అదే కొండల్లోని ఎర్రచందనం రెండవ అనుబంధంలోనే ఉంది. అయినా పత్రికల్లో నిత్యం వినబడేది ఎర్రచందనం పేరే. లోపం ప్రచారానిది మాత్రమే కాదు. సైటిస్ నియంత్రించేది దేశాల మధ్య వాణిజ్యాన్ని. పేరీతకు ముప్పు కొండమీదనే మొదలవుతుంది. బలవర్ధక ఔషధాల కోసం పురుష శంకువులను కోసుకుపోతారు. సైకస్ ఏకలింగాశ్రయి; స్త్రీ, పురుష మొక్కలు వేరు. పుప్పొడి రాలకముందే శంకువును కోస్తే ఆ మొక్క చావదు, కానీ స్త్రీ మొక్కపై అండాలు ఫలదీకరణ చెందక వృథా అవుతాయి. అడవి చూపుకు పచ్చగానే ఉంటుంది. తరువాతి తరం మాత్రం మొలకెత్తదు.

కనుక మొత్తం మొక్కలను మాత్రమే లెక్కించే సర్వే ఈ జాతి విషయంలో దాదాపు నిరుపయోగం. స్త్రీ, పురుష మొక్కల నిష్పత్తి, గింజ కట్టినవి, మొలకలు విడివిడిగా నమోదు కావాలి. ఉద్యానవనాల్లోని పెంపకం దీనికి ప్రత్యామ్నాయం కాజాలదు. పక్కపక్కన నాటిన సైకస్ జాతులు సంకరం చెందగలవు. అక్కడ కాసిన గింజ శుద్ధమైన పేరీతదేనని తల్లిమొక్కను బట్టి నిర్ధారించడం సాధ్యం కాదు.