వేమన మకుటము - అజ్ఞాత కర్తలు

వేమన పద్యములెన్ని యను ప్రశ్నకు నేటికిని నిశ్చితమైన సమాధానము లేదు. బ్రౌను దొర 1829లో 693 పద్యములను ముద్రించెను. 1839 నాటి కూర్పులో నవి 1164 అయ్యెను. తరువాతి సంకలనములలో సంఖ్య వేలకు పెరిగినది. ఇందులకు కారణము ప్రక్షేపమని చెప్పి యూరకుండుట మనకు పరిపాటి. అది కారణము కాదు, జరిగినదానికి పెట్టిన పేరు మాత్రమే. పరులు తమ పద్యములను తమ పేర నిలుపుకొనక యీతని కేల యిచ్చివేసిరి? ఇచ్చివేయుటచే వారి పలుకుతీరు ఎట్లు మారెను? విచారింపదగిన విషయములివి.

మొదట ఛందస్సును చూడవలెను. ఆటవెలదికి ప్రాసనియమము లేదు. యతి కుదరనిచోట ప్రాసయతి చెల్లును. నాల్గవ పాదమునందలి యైదు సూర్యగణములను మకుటమే యాక్రమించుచున్నది. కూర్పరికి మిగులునవి మూడు పాదములు. రెండింట మాట చెప్పి, మూడవదాన నొక లోకోపమానము తెచ్చినచో పద్యము పూర్తియగును. పాండిత్యము లేనివానికిని అందెడి పని యిది.

మకుటము చేసిన మేలు ఇంతటితో తీరలేదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరుని సంబోధించెను. గోపన్న దాశరథిని సంబోధించెను. పలుకువాడు భక్తుడని స్పష్టము. ఇచ్చట సంబోధింపబడువాడు వేమన. మరి పలుకువాడెవడు? వ్యాకరణము చెప్పదు. వేమన తన్ను తానే పిలుచుకొనెనని మనము సరిపెట్టుకొందుము గాని, ఆ ఖాళీలో నెవడైనను నిలువవచ్చును. నిలిచిరి కూడ. (మకుటములోని 'అభిరామ' శబ్దమునకు కంసాలి మిత్రుని కథ నల్లిన లోకము ఈ ఖాళీని మాత్రము గమనింపలేదు!)

చాటువుల సంగతి వేరు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి చాటుపద్యమణిమంజరిలోని పద్యములలో పెక్కింటికి కర్తృత్వము కథవలన వచ్చినది. కథ మారినచో శ్రీనాథుని పద్యము మరియొకనిదగును. వేమన పేరు గణబద్ధమై పద్యములోనే యున్నది, ఊడదు.

పేరు దాచుకొన్నవాడు స్వేచ్ఛను పొందెను. కాని యిష్టము వచ్చినట్లు పలుకుటకు వీలులేదు, వేమనవలెనే పలుకవలెను. వర్ణనలు విడువవలెను, సమాసములు తగ్గింపవలెను, ఎదుటివానిని సూటిగా నిలదీయవలెను. సొంత పేరుతో నేమి వ్రాసియుండెనో తెలియని మనిషి, ఎరువు పేరుతో నొక నిశ్చితమైన కంఠమును సంపాదించుకొనెను. శైవుని యెగతాళి, వైష్ణవుని యెగతాళి ఒకే గొంతున వినవచ్చుటకు ఇదియు నొక హేతువని నా తలంపు.

ఇక విమర్శకుల పక్షపాతమును గూర్చి చెప్పక తప్పదు. కులగర్వమును, విగ్రహారాధనను ఖండించు పద్యము కనబడినచో నది వేమనదే యందురు. స్త్రీలను, కొన్ని కులములవారిని నీచముగా దూషించునది కనబడినచో ప్రక్షిప్తమని త్రోసివేయుదురు. సంకలనములలో రెండును గలవు. మన రుచిని ప్రమాణముగా గొని కర్తను నిర్ణయించుట శాస్త్రము కానేరదు. జవాబు చెప్పవలసిన భయము లేకపోవుటచేతనే అజ్ఞాత కవి ఆచార్యుని యెదుట ధైర్యముగా నిలువగలిగెను; ఆ భయము లేకపోవుటచేతనే తనకంటె బలహీనులను నోటికి వచ్చినట్లు తిట్టగలిగెను. మొదటిదానిని వేమన ఖాతాలో వేసి, రెండవదానిని ఊరుపేరు లేనివాని నెత్తిన రుద్దుట న్యాయమా?

కావున పరిష్కర్తలు తాము నిరాకరించిన పద్యములను అనుబంధముగానైన ముద్రింపవలెను. ఏ ప్రతిలో నేది యున్నదో, ఆ ప్రతి యెచ్చట దొరికినదో, దాని లేఖనకాల మెట్టిదో పద్యము ప్రక్కనే చూపవలెను.