హిప్‌హాప్ సంస్కృతి – ఆభరణధారణ: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

న్యూయార్క్ నగరంలో 1970లలో రూపుదిద్దుకున్న హిప్‌హాప్ సంస్కృతి ఆభరణాల పరిమాణాన్ని, ధరించే తీరును, వాటికి సమాజం ఇచ్చే అర్థాన్ని మార్చివేసింది. ఈ ఆభరణాలను కొందరు ఆడంబరమని తోసిపుచ్చారు; మరికొందరు ధిక్కారమని కీర్తించారు. ఈ రెండు తీర్పులూ అసంపూర్ణాలే. నగను ఎవరు ఎవరికి తొడిగారు, దాని విలువను ఎవరు నిర్ణయించారు అనే ప్రశ్నలతోనే ఈ సంస్కృతిని సక్రమంగా అర్థం చేసుకోగలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హిప్‌హాప్, ర్యాప్, ఆభరణం, అలంకారం, ఆఫ్రికన్ అమెరికన్ సంస్కృతి, వజ్రాలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘అలంకారం’ అనే మాట ఒంటిమీది నగకూ, కావ్యంలోని ఉక్తివైచిత్రికీ కూడా వర్తిస్తుంది. మాటకూ నగకూ గల ఈ సంబంధం మన సాహిత్య ఐతిహ్యాలలోనూ కనిపిస్తుంది. అల్లసాని పెద్దన కాలికి శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా గండపెండేరం తొడిగాడన్నది ప్రసిద్ధమైన కథ. అక్కడ ఆభరణం కవితాశక్తికి ధ్రువపత్రం. ఆ పత్రాన్ని ఇచ్చే అధికారం మాత్రం రాజుది.

ర్యాప్ కూడా ప్రధానంగా మాటల కళే. ప్రాస, లయ, శ్లేష, ఆశువు, ఎదుటివారిని సవాలు చేయడం దీని ప్రాణాలు. గండపెండేరానికీ ర్యాపర్ మెడలోని గొలుసుకూ చారిత్రక సంబంధం లేదు. అయినా రాజసభ లేని సమాజంలో మాటల కళాకారుడికి ఆభరణం ఎవరు తొడుగుతారు అనే ప్రశ్నను ఆ కథ మన ముందుంచుతుంది. ఈ పరిశీలనకు ఆ ప్రశ్నే ఆధారం.

2. స్వయంగా ధరించిన గొలుసు:

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని ఒక నివాస భవనంలో, జమైకా నుంచి వలస వచ్చిన డీజే కూల్ హెర్క్ సంగీతం అందించిన వేడుకను హిప్‌హాప్ ఆరంభంగా పేర్కొనడం పరిపాటి. ఆనాటి బ్రాంక్స్ పేదరికంతోను, నిరుద్యోగంతోను, వరుస అగ్నిప్రమాదాలతోను శిథిలమవుతున్న ప్రాంతం. నల్లజాతివారు నివసించే పేటలకు బ్యాంకులు గృహరుణాలు నిరాకరించిన చరిత్ర అమెరికాకు ఉంది. ఇల్లు కొనుక్కోవడం కష్టమైన చోట ఒంటిమీద ధరించగలిగే, అవసరానికి తాకట్టు పెట్టుకోగలిగే బంగారం కేవలం విలాసం కాదు. నగను ఆస్తిగా భావించే తెలుగు పాఠకులకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

1980లో వెలువడిన కర్టిస్ బ్లో తొలి ఆల్బమ్ ముఖచిత్రంలో చొక్కా లేని ఛాతీపై బంగారు గొలుసులు కనిపిస్తాయి. తరువాత రన్ డీఎంసీ బృందం తాడులా పేనిన లావాటి గొలుసులకు ప్రాచుర్యం కల్పించింది. ఎరిక్ బీ, రకీమ్‌ల ‘పెయిడ్ ఇన్ ఫుల్’ (1987) ముఖచిత్రంలోనూ అటువంటి గొలుసులే ప్రధానాకర్షణ. బిగ్ డాడీ కేన్ ‘లాంగ్ లివ్ ది కేన్’ (1988) ముఖచిత్రంలో గాయకుడే రాజుగా కొలువుదీరాడు. ఇక్కడ కళాకారుడు సత్కారం కోసం ఎదురుచూడలేదు. తన ప్రతిభకు తానే విలువ కట్టుకొని, తానే ఆభరణం తొడుక్కున్నాడు. ఈ స్వయంప్రకటనే తొలిదశ హిప్‌హాప్ ఆభరణానికి మూలార్థం.

ఈ గొలుసుకు మరొక చారిత్రక స్మృతి కూడా ఉంది. 1972లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన వాట్‌స్టాక్స్ సంగీతోత్సవంలో ఐజాక్ హేస్ బంగారు గొలుసులతో అల్లిన అంగీని ధరించి వేదికనెక్కాడు. తన మెడలోని గొలుసులు బానిసలైన పూర్వీకులను గుర్తుచేస్తాయని నటుడు మిస్టర్ టీ చెప్పుకున్నాడు. పూర్వీకుల సంకెల వారసుల మెడలో హారంగా మారింది.

ఈ సంస్కృతి తనను తాను విమర్శించుకోలేదనుకోవడం కూడా పొరపాటే. 1980ల చివర పలువురు కళాకారులు బంగారాన్ని విడిచి, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులలో ఆఫ్రికా ఖండం ఆకృతి గల తోలు పతకాలను ధరించారు. అప్పటికి ప్రపంచంలో అత్యధికంగా బంగారం ఉత్పత్తి చేస్తున్న దేశం వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికా. ఆ నేపథ్యంలో చూస్తే, ఏ నగ ధరించామన్నదే కాదు, ఏ నగ వదిలిపెట్టామన్నదీ ఒక ప్రకటనే.

3. స్త్రీల నగలు – చెరిగిన చిరునామా:

బిగ్ డాడీ కేన్ ముఖచిత్రంలో స్త్రీలు రాజుకు పరిచారికలు. హిప్‌హాప్ ఆభరణ చరిత్రలో స్త్రీల పాత్రను మాత్రం అంతటితో పరిమితం చేయలేం. సాల్ట్ ఎన్ పెపా బృందం పెద్ద చెవిపోగులను, లావాటి గొలుసులను పురుషులతో సమానంగా ధరించి వేదికపై నిలిచింది. తలుపుకు వేలాడే కడియాన్ని పోలినవి కనుక ఆ పోగులకు ‘డోర్ నాకర్’ అనే పేరు వచ్చింది. తమ పేరునే అక్షరాలుగా మలిచిన హారాలు నల్లజాతి, లాటినా యువతులకు అత్యంత ప్రీతిపాత్రమయ్యాయి. అధికారుల నోట తరచూ తప్పుగా పలికే పేరును బంగారంలో చెక్కించి మెడలో వేసుకోవడంలో ఆత్మగౌరవం ఉంది.

1998లో మొదలైన ‘సెక్స్ అండ్ ది సిటీ’ ధారావాహికలో కథానాయిక మెడలో అటువంటి హారమే కనిపించింది. నగరంలోని యువత ధరించడం చూసి దుస్తుల రూపకర్త ప్యాట్రీషియా ఫీల్డ్ దాన్ని ఎంపిక చేసింది. ఆ తరువాత చాలామంది దాన్ని ‘క్యారీ హారం’గా గుర్తించారు. పేటలో పుట్టిన నగకు తెరమీది పాత్ర పేరు స్థిరపడింది. ఎవరి పేరు వారు చాటుకోవడానికి పుట్టిన ఆభరణం విషయంలో ఇలా జరగడం గమనార్హం.

4. సంస్థ తొడిగిన పతకం:

1990లలో రికార్డు సంస్థలు తమ చిహ్నాలను పతకాలుగా చేయించాయి. డెత్ రో సంస్థ చిహ్నం విద్యుత్ మరణశిక్ష కుర్చీలో బంధితుడైన మనిషి. రాక్‌ఎఫెల్లా సంస్థ గొలుసు పొందడం ఆ బృందంలో సభ్యత్వానికి గుర్తు. రాజు లేని చోట సంస్థ రాజైంది. గొలుసు మళ్ళీ పైనుంచి అందే సత్కారంగా మారింది. అయితే రాజసత్కారానికీ దీనికీ ఒక భేదం ఉంది: ఈ పతకం ధరించిన కళాకారుడు సంస్థకు నడిచే ప్రకటన కూడా.

ఈ దశలో బంగారం స్థానాన్ని ప్లాటినం, వజ్రాలు ఆక్రమించాయి. 1999లో న్యూ ఆర్లీన్స్ ర్యాపర్ బీజీ పాటతో ‘బ్లింగ్’ అనే మాట లోకవ్యాప్తమై, అనతికాలంలోనే ఆంగ్ల నిఘంటువులకు ఎక్కింది. ఈ నగలను తీర్చిదిద్దినవారిలో వలస వచ్చినవారు ప్రముఖులు. జేకబ్ అరాబో తాష్కెంట్ నుంచి, పళ్ళకు బంగారు తొడుగులు చేసిన ఎడ్డీ ప్లీన్ సురినామ్ నుంచి అమెరికాకు వచ్చినవారే. పేరున్న విలాస సంస్థలు పట్టించుకోని కొనుగోలుదారులను ఇటువంటి స్వర్ణకారులు ఆదరించారు.

5. వజ్రం వెనుక చేతులు:

2005లో కాన్యే వెస్ట్ ‘డైమండ్స్ ఫ్రమ్ సియెర్రా లియోన్’ పాటను వెలువరించాడు. 1991 నుంచి 2002 వరకు సాగిన సియెర్రా లియోన్ అంతర్యుద్ధానికి వజ్రాల అక్రమ వ్యాపారం ఇంధనమైంది. అటువంటి వజ్రాలను అరికట్టేందుకు కింబర్లీ ప్రక్రియ 2003లో అమలులోకి వచ్చింది. ఈ పాట మొదటి రూపంలో వజ్రం ప్రధానంగా రాక్‌ఎఫెల్లా బృందం చేతులతో చూపే చిహ్నం. గనుల దుఃఖం దృశ్యరూపంలోను, జే జీతో కలిసి చేసిన రెండో రూపంలోను ముందుకు వచ్చింది. ఒకే మాట ఒకచోట గర్వాన్ని, మరొకచోట అపరాధభావాన్ని ధ్వనించింది. హిప్‌హాప్‌లోని అంతర్వైరుధ్యాన్ని ఇంత స్పష్టంగా చూపే రచనలు అరుదు.

2021లో టిఫనీ సంస్థ ప్రచారచిత్రాలలో జే జీతో పాటు కనిపించిన బియాన్సే 128.54 క్యారెట్ల పసుపుపచ్చ వజ్రాన్ని ధరించింది. ఆ సంస్థ ప్రచారంలో దాన్ని ధరించిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆ వజ్రం 1877లో, వలసపాలనలో ఉన్న దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో దొరికింది. తొలి గౌరవం, పాత గాయం ఒకే రాయిలో ఇమిడి ఉన్నాయి. మనకూ ఈ గొలుసుతో సంబంధం లేకపోలేదు. ప్రపంచ వజ్రాలలో అత్యధికం సానపట్టేది సూరత్ కార్మికుల చేతులే. గాయకుడి ఒంటిమీది మెరుపులో గని కార్మికుడి శ్రమ, సానపట్టేవారి శ్రమ కూడా ఉన్నాయి. వారి ప్రస్తావన లేకుండా ఆభరణాన్ని విముక్తి చిహ్నమనడం సగం సత్యమే.

6. ముగింపు:

2024లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తన రత్న, ఖనిజ విభాగంలో ‘ఐస్ కోల్డ్’ పేరిట హిప్‌హాప్ ఆభరణాలను ప్రదర్శించింది. ఒకప్పుడు అపహాస్యానికి గురైన గొలుసులు అదే నగరంలో అద్దాల పెట్టెలకు చేరడం గుర్తింపే. అయితే మెడనుంచి విడివడిన గొలుసును దాన్ని ధరింపజేసిన చరిత్రతో కలిపి చదవవలసిన బాధ్యత విమర్శకులది. ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• తొలిదశ హిప్‌హాప్ ఆభరణం గౌరవం దక్కనివారు తమకు తాము ప్రకటించుకున్న విలువ.

• సంస్థల ప్రవేశంతో ఆ స్వయంప్రకటన మళ్ళీ పైవారి సత్కారంగా, వ్యాపార ప్రకటనగా మారింది.

• స్త్రీలు, పేటల యువత సృష్టించిన రూపాలు ప్రధానస్రవంతికి చేరే క్రమంలో వారి పేర్లు చెరిగిపోయాయి.

• ధరించినవారి ఆత్మగౌరవాన్ని, తవ్వినవారి, సానపట్టినవారి శ్రమను కలిపి చూసినప్పుడే ఆభరణ విమర్శ పరిపూర్ణమవుతుంది.

కావ్యంలో అలంకారాన్ని గుర్తించడంతోనే మన పని పూర్తికాదు. అది ఏ రసాన్ని పోషిస్తున్నదో కూడా చెబుతాం. ఆభరణం విషయంలోనూ మెరుపును గుర్తించి ఆగిపోకుండా, అది ఎవరి గౌరవాన్ని పోషిస్తున్నదో, ఎవరి శ్రమను మరుగుపరుస్తున్నదో అడగడం అవసరం.