గాలి దారి

పాత కారుకు ఊపు పెంచాలనుకునేవాళ్ల కన్ను ముందుగా పడేది ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీదే. దాన్ని పీకేసి కోన్ ఫిల్టర్ బిగిస్తే, తొక్కగానే ఇంజన్ గర్జిస్తుంది. బండే మారిపోయినట్టు ఉంటుంది. డబ్బాకు అంటిపెట్టుకుని ఉండే ఖాళీ గదిని, అదే రెజొనేటర్‌ని, పెట్టింది ఆ మోత అణచడానికి. అది పోయింది కాబట్టి మోత బయటికొచ్చింది. పికప్ పెరిగిందో లేదో చెవులు తేల్చలేవు.

మా ఎస్టీమ్ కారులోని ఎంపీఎఫ్‌ఐ ఇంజన్ 1298 సీసీ. 6000 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్లు పూర్తిగా నిండుతాయనుకుంటే నిమిషానికి దాదాపు 3,900 లీటర్ల గాలి లాగాలి. అంత గాలికి కంపెనీ వేసిన దారి ఎక్కడైనా అడ్డుపడుతోందా? ఆ సంగతి చెప్పే పనిముట్టు తాపీమేస్త్రి దగ్గర ఉంది: లెవెల్ పైపు. దాన్ని చెక్కముక్క మీద యు ఆకారంలో బిగించి, సగానికి రంగునీళ్లు పోయాలి. ఒక కొసను ఫిల్టర్‌కీ థ్రాటిల్‌కీ మధ్యనున్న రబ్బరు గొట్టానికి చిన్న నిపుల్‌తో కలపాలి. రెండో కొస గాలికి వదిలేయాలి. నీళ్లు ఇంజన్‌లోకి పోకుండా పైపు బాగా పొడుగ్గా ఉండాలి. ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్లో పూర్తిగా తొక్కితే, రెండు వైపులా నీటిమట్టంలో వచ్చే తేడాయే ఆ దారిలో పోతున్న ఒత్తిడి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి దాదాపు 1,033 సెంటీమీటర్ల నీటికి సమానం. అంటే పది సెంటీమీటర్ల తేడా వస్తే పోయేది ఒక శాతం.

"బాబాయ్, ఇంత తంటా ఎందుకు, కోన్ పెట్టేస్తే పోద్దిగా" అన్నాడు విజయవాడ ఆటోనగర్‌లో నాకు రేకు కత్తిరించి ఇచ్చిన కుర్రాడు. తర్వాత చెక్క పట్టుకుని పక్క సీట్లో కూర్చుంది అతనే. మురికి ఫిల్టర్‌తో లేచిన నీళ్లు, కొత్త పేపర్ ఫిల్టర్ వేయగానే చాలామటుకు దిగిపోవడం కళ్లారా చూశాడు.

అసలు నష్టం వేడి దగ్గర ఉంది. 30 డిగ్రీల గాలి బానెట్ కింద 60కి చేరితే దాని సాంద్రత తొమ్మిది శాతం పడిపోతుంది. గాలి ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సర్, గాలి వేడి చూసే సెన్సర్ ఆ సంగతి కనిపెట్టి ఇంజన్ కంప్యూటర్‌కి, అదే ఈసీయూకి, చెబుతాయి, అది పెట్రోలు తగ్గిస్తుంది. గాలీ తగ్గి, పెట్రోలూ తగ్గాక ఊపు ఎక్కడినుంచి వస్తుంది? మే నెల ఎండలో బానెట్ కింద విప్పారిన కోన్ ఫిల్టర్ పీల్చేది ఆ వేడిగాలినే. ఒక శాతం అడ్డు తీసేసి తొమ్మిది శాతం పోగొట్టుకునే బేరం ఇది.

అందుకే నేను కంపెనీ డబ్బా ఉంచేశాను. దానికీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ మధ్య అల్యూమినియం రేకు అడ్డం పెట్టి, హెడ్‌లైట్ వెనక నుంచి బయటిగాలి తెచ్చే గొట్టం వేశాను. గొట్టం మూతిని వేడిచేసి గంటలా విప్పితే గాలి అంచుకు కొట్టుకోకుండా లోపలికి జారుతుంది. పీవీసీ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 80 డిగ్రీల దగ్గరే అది మెత్తబడుతుంది. గొట్టం మూతిని బంపర్ కిందికి దించడం మాత్రం ఎవరూ చేయొద్దు. వానకు మునిగిన రోడ్డు మీద ఇంజన్ నీళ్లు మింగితే, నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

సిగ్నల్ దగ్గర ఆగితే గాలి వేడి ఇప్పటికీ పెరుగుతుంది. బండి కదిలాక మునుపటికంటే త్వరగా దిగుతోంది. ఇక థ్రాటిల్ బాడీలోకి వెళ్లే వేడినీళ్ల గొట్టం ఉంది. చలిదేశాల్లో అక్కడ మంచు పట్టకుండా చూసే ఏర్పాటు అది. మన ఎండల్లో దాని అవసరం నాకు కనిపించదు. అయినా దాన్ని విప్పే ముందు ఒకసారి, విప్పాక ఒకసారి గాలి వేడి ఎంతుందో రాసుకుని చూస్తాను.