పగడమును రాతికి అతికించునది ఏది? – మూడు రచనల విమర్శ

ఉప్పునీటి గాజుతొట్టిలో పగడపు దిబ్బను పెంచుట నేడు చాల దేశములలో ప్రీతిపాత్రమైన వ్యాసంగము. అంగడినుండి తెచ్చిన పగడపు ముక్కను జిగురుతో రాతిమీద నిలిపినంతనే దిబ్బ ఏర్పడినదని భ్రమపడువారు కలరు. కొన్ని వారములు గడచునప్పటికి జిగురు చెక్కుచెదరక నిలిచియే యుండును. దానిమీది పగడము మాత్రము ప్రాణము కోల్పోయి తెల్లని సున్నపు ముక్కగా మిగులుట కద్దు. కావున పగడమును రాతికి నిజముగా అతికించునది ఏది అను ప్రశ్న వినుటకు చిన్నదైనను, ఈ విద్య కంతటికి కీలకమైనది.

ఈ ప్రశ్ననే గీటురాయిగా గొని మూడు రచనలను పరీక్షింపవచ్చును. మొదటిది ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో ప్రకటించిన ‘ది అక్వేరియం’. దానికి తోడుగా అతడు 1855లో వెలువరించిన చిన్న చేతిపుస్తకము. రెండవది అన్నా థిన్ అను ఆంగ్ల మహిళ 1859లో ఒక ప్రకృతిశాస్త్ర పత్రికలో వ్రాసిన వ్యాసము. మూడవది చార్లెస్ డెల్బీక్, జూలియన్ స్ప్రంగ్ అను ఇరువురు రచయితలు 1994, 1997, 2005 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువరించిన ‘ది రీఫ్ అక్వేరియం’.

గీటురాయి ఎట్టిదో ముందుగా తెలిసికొనవలెను. పగడము రాయియు కాదు, మొక్కయు కాదు. హైడ్రా, జెల్లీచేపల వర్గమునకు చెందిన జంతువు. సంచివంటి మెత్తని దేహము, నోటిచుట్టు స్పర్శకములు గల చిన్న చిన్న పాలిప్‌లు తమ క్రింద తామే సున్నపు గిన్నెలను కట్టుకొని కూర్చుండును. ఆ గిన్నెకు కావలసిన సరకు సముద్రజలములోనిదే. లీటరు సముద్రజలములో సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉండును. ఒక కాల్షియం అయాను, రెండు బైకార్బొనేట్ అయానులు కలిసి కాల్షియం కార్బొనేట్ అగును. నీరు, బొగ్గుపులుసు వాయువు విడుదలగును. దిబ్బలను కట్టు పగడముల కణములలో సూక్ష్మమైన శైవలములు కాపురముండును. అవి సూర్యకాంతితో ఆహారమును తయారుచేసి అందులో పెద్ద భాగమును పగడమునకు ఇచ్చును. వెలుగు, కదలెడి నీరు, పరిశుభ్రత, సున్నము – ఈ నాలుగును అమరినప్పుడే పగడము తన అడుగుభాగమును రాతిపై పరచి, క్రొత్త సున్నమును పోసి, రాతిని పట్టుకొనును. జిగురు ఆ పట్టు చిక్కువరకు ముక్కను కదలకుండ నిలుపు ఊతకఱ్ఱ మాత్రమే.

ఇక గాస్ గ్రంథము. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజలకొరకు తెరచిన జలచరశాలకు ప్రాణులను సమకూర్చినవారిలో ఇతడు ముఖ్యుడు. ‘అక్వేరియం’ అను మాటను నేటి అర్థములో జనుల నోట నిలిపినది ఇతని గ్రంథమే. తీరపు రాతిగుంటలలోని ప్రాణులను అతడు కంటితో చూచి, చేతితో చిత్రించి, రంగుల పటములతో ప్రకటించెను. చూచుటలో అతనికి సాటి వచ్చువారు తక్కువ. జంతువులు విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్కలు తీసికొనుననియు, మొక్కలు విడుచు ప్రాణవాయువును జంతువులు పీల్చుననియు, ఈ రెంటి తూకము కుదిరిన తొట్టి చిరకాలము నిలుచుననియు రాబర్ట్ వారింగ్టన్ 1850లో చూపిన సూత్రమును సామాన్యులకు అందించిన ఘనతలో గాస్‌కు పెద్ద పాలు కలదు.

అయితే ఈ తూకము వాయువుల తూకమే. సున్నపు తూకము కాదు. సముద్రమునకు దూరముగా నున్నవారికొరకు గాస్ కృత్రిమ సముద్రజలమునకు ఒక పద్ధతిని రూపొందించెను. అందులో వంట ఉప్పు, ఎప్సం ఉప్పు, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ అను నాలుగు లవణములే కలవు. సున్నపు లవణము లేదు. కలుపు మంచినీటిలోనే సున్నము చాలినంత కలదని అతని తలంపు. లండను నీరు కఠినజలమగుటచే ఆ తలంపు పూర్తిగా నిరాధారము కాదు. సముద్రపు నాచులకు, ఆనిమోనులకు ఆ నీరు పనికివచ్చినది. కాని సున్నపు ఎముకను కట్టుకొను ప్రాణికి తగినంత మొదటి పెట్టుబడియు లేదు, ఖర్చయిన కొలది మరల చేర్చు ఏర్పాటును లేదు. రసాయన కొలతలు అప్పటికింకను ఇండ్లకు రాలేదు గనుక ఇది క్షమింపదగిన లోపమే. అయినను లోపము లోపమే.

రెండవ లోపము మరింత బరువైనది. పుస్తకము చదివినవారు వేలకొలది బుట్టలు, ఉలులు చేతబట్టి సముద్రతీరమునకు పరుగెత్తిరి. తరతరములుగా ఎవ్వరు ముట్టని రాతిగుంటలు కొద్ది సంవత్సరములలో బోసిపోయినవి. గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రకటించిన ‘ఫాదర్ అండ్ సన్’ అను గ్రంథములో ఈ నాశనమును వర్ణించి, దానికి తన గ్రంథములే దారితీసినవని తెలిసి తండ్రి మిక్కిలి నొచ్చుకొనెనని వ్రాసెను. ప్రాణిని ప్రేమించుమని చెప్పిన గ్రంథము ప్రాణికే ముప్పు తెచ్చుట శాస్త్ర ప్రచారము చేయువారందరు గుర్తుంచుకొనదగిన విషయము. ఎట్లు సేకరింపవలెనో చెప్పువాడు ఎంతవరకు సేకరింపవచ్చునో కూడ చెప్పవలెను.

అన్నా థిన్ వ్యాసము పరిమాణములో చిన్నది, ఫలితములో పెద్దది. ఆమె 1846లో టార్కీ తీరమున కొన్ని రాతి పగడములను సేకరించి, వానిని సూదిదారముతో ఒక పెద్ద స్పంజికి కుట్టి, నీటి పాత్రలో ఉంచి లండనునకు తెచ్చెను. స్పంజికి కుట్టుటచే అవి ప్రయాణములో దొర్లి దెబ్బతినలేదు. అన్ని వైపుల నీరు ఆడుటకు వీలు కలిగినది. సముద్రజలము మాటిమాటికి దొరకనందున, ఉన్న నీటినే తెరచిన కిటికీ ఎదుట ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పలుమార్లు పోయించి దానికి గాలి తగిలించెను. ఈ శ్రమలో అధికభాగము ఇంటి పనిపిల్ల వంతు అయినదని కూడ ఆమె దాచక చెప్పెను. తరువాత నాచులను చేర్చి, పగడములను సుమారు మూడు సంవత్సరములు సాకి, అవి వృద్ధిచెందు విధములను గమనించెను.

ఈ వ్యాసమును గాస్ గ్రంథముతో పోల్చినచో భేదము స్పష్టము. గాస్ తొట్టిని ఒక దృశ్యముగా తీర్చెను; థిన్ దానిని ఒక పరిశీలనశాలగా వాడెను. సూదిదారము నేటి జిగురుకు పూర్వరూపమే. కాని దానితోనే పని ముగిసినదని ఆమె తలంపలేదు. నీరు కదలవలెను, గాలి తగులవలెను అను సంగతిని పగడమునుండియే నేర్చుకొనెను. ఒక పరిమితిని మాత్రము విస్మరింపరాదు. ఆమె పెంచినవి చల్లని సముద్రములో ఒంటరిగా బ్రతుకు పగడములు. వాని దేహములో శైవలములు లేవు. అవి దిబ్బలను కట్టవు. కనుక లండను గదిలోని వెలుతురు వానికి సరిపోయినది. ఉష్ణమండలపు దిబ్బపగడములకు ఆ పద్ధతి చాలదు.

ఆ కొరత తీరుటకు మరియొక నూరేండ్లు పట్టినది. ఇండొనేషియాలోని జకార్తా వాసి లీ చిన్ ఎంగ్ 1961లో తన ‘ప్రకృతి పద్ధతి’ని ప్రకటించెను. సముద్రమునుండి తెచ్చిన రంధ్రములు గల రాళ్ళను వాని సూక్ష్మజీవులతోసహా తొట్టిలో పేర్చి, గాలిబుడగలతో నీటిని కదలించుట అతని పద్ధతి. ఆ రాతి పైభాగముననుండు బాక్టీరియములు విషమయమైన అమోనియాను నైట్రైట్‌గాను, దానిని నైట్రేట్‌గాను మార్చును. ప్రాణవాయువు చొరని లోపలి రంధ్రములలోని బాక్టీరియములు నైట్రేట్‌ను నత్రజనిగా విడిచిపెట్టును. కావున పగడమును అతికించు రాయి వట్టి పీఠము కాదు. తొట్టిని శుభ్రపరచు పనిముట్టు.

డెల్బీక్, స్ప్రంగ్‌ల గ్రంథము ఈ అనుభవముల నన్నిటిని ఒకచోట చేర్చిన ఉద్గ్రంథము. సజీవశిల, బలమైన దీపములు, గాలిబుడగలతో మలినములను నురుగుగా తోడివేయు పరికరము, సున్నపు తేట – వీనితో కూడిన బెర్లిన్ పద్ధతిని అది విపులముగా వివరించును. ఉన్నత పాఠశాల విద్యార్థికి సున్నపు తేట పరిచితమే. అందులోనికి గొట్టముతో ఊదినచో పాలవలె తెల్లబడును. ఇంకను ఊదినచో మరల తేటపడును. ఆ రెండవ దశలో ఏర్పడునది కాల్షియం బైకార్బొనేట్. తొట్టిలో బొట్టుబొట్టుగా విడిచిన సున్నపు తేట నీటిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఇదే పని చేయును. పగడము ఎముకకొరకు ఖర్చుచేయు రెండు అయానులును అదే పాళ్ళలో దానికి తిరిగి లభించును. గాస్ విడిచిపెట్టిన సున్నము నూటనలుబది ఏండ్లకు ఇట్లు గ్రంథస్థమైనది. ఒక్కసారిగా పోసినచో మాత్రము నీటి క్షారత పెరిగి ప్రాణులకు హాని కలుగును.

ఈ గ్రంథము యొక్క బలము ప్రతి పనికి కారణము చూపుటలో ఉన్నది. బలహీనత దాని భారములో ఉన్నది. మూడు పెద్ద సంపుటములు, ఖరీదైన పరికరములు, ఎడతెగని విద్యుచ్ఛక్తి – ఇవి అందరికి అందునవి కావు. మొదటి సంపుటము నాటి దీపముల స్థానమును ఇప్పుడు చాలవరకు ఎల్‌ఇడి దీపములు ఆక్రమించినవి. ఆ భాగమును చరిత్రగానే చదువవలెను.

ఇక అతికించు పని. నేడు వాడుకలో నున్నవి రెండు: సయనోఅక్రిలేట్ జిగురు, రెండు ముద్దలను పిసికి కలుపు ఎపాక్సీ. మొదటిదానిని హ్యారీ కూవర్ 1942లో అనుకోకుండ కనుగొనెను. 1958లో అది అంగడికి వచ్చినది. తడి తగిలినంతనే గట్టిపడు గుణము దానికి కలదు గనుక నీటిలోనే అది అతుకును. పగడపు ముక్క అడుగును తుడిచి, చిక్కని జిగురును చనిపోయిన సున్నపు భాగమునకే రాసి, నీటిలో రాతికి అదిమి పట్టవలెను. సజీవమైన దేహమునకు జిగురు తగులరాదు. ముక్క బరువైనదైనచో రెండు జిగురు పొరల నడుమ ఎపాక్సీ ముద్ద నుంచుదురు. ప్రక్క పగడములు స్పర్శకములతో ఒకదానినొకటి కుట్టి చంపగలవు గనుక నడుమ ఎడముంచవలెను. ఎముక లేని మెత్తని పగడములకు జిగురు నిలువదు. వానిని రాళ్ళపై వల కప్పి ఉంచగా కొన్ని దినములలో అవియే పట్టుకొనును. జొయాంథిడ్ అను పగడపు బంధువులలో కొన్నింటికి పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. చేతితొడుగులు, కంటి అద్దములు లేక వానిని కోయుట ప్రాణాపాయము. ఇంత చేసినను పని సగమే అయినది. మిగిలిన సగము పగడముది. అది కొన్ని వారములనుండి కొన్ని నెలల వరకు పట్టును.

ఈ సత్యమును అమెరికాలోని ఫ్లోరిడా తీరము 2023లో పెద్ద వెలకు నేర్చుకొన్నది. అచ్చట సంవత్సరముల తరబడి పగడములను నీటి అడుగు నారుమళ్ళలో పెంచి, ఎపాక్సీవంటి వానితో దిబ్బలపై అతికించుచుండిరి. ఆ వేసవిలో సముద్రము మితిమీరి వేడెక్కెను. పగడములు తమలోని శైవలములను కోల్పోయి తెల్లబారినవి. దుప్పికొమ్ముల వంటి శాఖలు గల పగడజాతులలో అధికభాగము నశించినవి. నారుమళ్ళలో మిగిలిన వేలకొలది పగడములను రక్షకులు ఎత్తుకొని వచ్చి తీరముపై నున్న తొట్లలో దాచిరి. ఒకప్పుడు తీరములను దోచిన గాజుతొట్టియే అప్పుడు పగడములకు శరణాలయమైనది. కాని తొట్టి ఎంత గొప్పదైనను సముద్రమునకు బదులు కాజాలదు. వేడెక్కిన నీటిలో ఏ జిగురును పగడమును నిలుపజాలదు.

భారతదేశమున కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు పగడపు దిబ్బలకు నెలవులు. గోదావరి, కృష్ణల ఒండ్రుమట్టియు మంచినీరును కలియు ఆంధ్ర తీరమున అట్టి పెద్ద దిబ్బలు లేవు. వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రాతి పగడములు 2001నుండి రక్షిత జీవులు. వానిని సముద్రమునుండి కోసి తెచ్చుట, అమ్ముట నేరము. కావున పాఠశాలలో పగడపు తొట్టిని ఏర్పరుపవలెనను ఉత్సాహమును ఉపాధ్యాయుడు అదుపులో నుంచుటయే మేలు. తీరమున ఊడిపడిన ఒక ఖాళీ ఆలిచిప్ప, కొంచెము వినిగారు, ఒక గిన్నెడు సున్నపు తేట చాలును. చిప్పపై వినిగారు పొంగుటలో, ఊపిరికి సున్నపు తేట తెల్లబడి మరల తేటపడుటలో, పగడము ఇల్లు కట్టుకొను రసాయన శాస్త్రమంతయు ఇమిడియున్నది.

మూడు రచనలలో గాస్‌ది కన్నులు తెరపించినది. డెల్బీక్, స్ప్రంగ్‌లది కొలతలు నేర్పినది. పగడము చెప్పినది వినుటకు ఓపికపట్టినది మాత్రము అన్నా థిన్ వ్రాసిన కొద్ది పుటల వ్యాసము. విద్యార్థి మొదట చదువదగినది అదియే.